పట్టిక ముందు, ప్రయోగం తర్వాత

సైన్సు రికార్డు పుస్తకాలు పదో పదిహేనో వరసగా తిరగేస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. స్కేలుతో గీసిన గీతలు, ఒక్క కొట్టివేత లేని అంకెలు, మూడు ప్రయత్నాల్లోనూ ఒకే రీడింగు. పరికరాలు వేరు, చేతులు వేరు, అయినా పట్టికలన్నీ ఒకేలా ఉంటాయి. ఎందుకంటే అవి ప్రయోగం జరుగుతుండగా రాసినవి కావు. చిత్తుకాగితం మీద గిలికిన అంకెల్ని తర్వాతెప్పుడో ఏరి, సర్ది, అందంగా ఎక్కించినవి. "ముందు రీడింగులు తీసుకోండి, పట్టిక తీరిగ్గా గీసుకోవచ్చు" అనే మాట ప్రయోగశాలల్లో ఎంత మామూలైపోయిందంటే, అందులో అభ్యంతరం ఏముంటుందని కూడా ఎవరికీ తోచదు. నాకు మాత్రం గట్టి అభ్యంతరమే ఉంది. ఖాళీ పట్టిక ప్రయోగానికి ముందే పూర్తిగా గీసి ఉండాలి. రీడింగు కంటపడగానే నేరుగా అందులోకే పెన్నుతో ఎక్కాలి. ఆ కాగితమే రికార్డు కావాలి.

ఖాళీ గడులు అడిగే ప్రశ్నలు

దారానికి గుండు కట్టి ఊపే లఘులోలకం ప్రయోగాన్నే తీసుకుందాం. పొడవు మారిస్తే ఆవర్తన కాలం, అంటే ఒక డోలనానికి (గుండు ఒకసారి అటు పోయి ఇటు రావడానికి) పట్టే సమయం, ఎలా మారుతుందో చూడాలి. దారం కట్టకముందే పట్టిక గీయడానికి కూర్చున్న విద్యార్థికి వెంటనే ప్రశ్నలు ఎదురవుతాయి. మనం మార్చేది పొడవు కాబట్టి అది ఎడమ చివరి నిలువు వరుసలోకి వెళ్తుంది. ఎన్ని పొడవులు? 40, 60, 80, 100, 120 సెంటీమీటర్లు అనుకుంటే అయిదు అడ్డు వరుసలు. ఒక్కో పొడవుకి ఎన్నిసార్లు? మూడు అనుకుంటే మూడు నిలువు వరుసలు, పక్కన సగటుకి ఒకటి. ఎన్ని డోలనాలకు కాలం కొలవాలి? గడియారం నొక్కడంలో మనిషి చేయి సుమారు 0.2 సెకను అటూ ఇటూ అవుతుంది. ఒక్క డోలనాన్నే కొలిస్తే, 2 సెకన్ల ఆవర్తన కాలంలో అది పదో వంతు. 20 డోలనాలు కొలిచి 20తో భాగిస్తే ఆ తేడా 0.01 సెకనుకి తగ్గుతుంది. అందుకని సగటు పక్కన ఆవర్తన కాలానికి ఒక వరుస, గ్రాఫు కోసం దాని వర్గానికి మరొకటి. మొత్తం ఏడు నిలువు వరుసలు.

ఈ ఏడూ గీసేసరికి ప్రయోగం ఎంతసేపు పడుతుందో కూడా తేలిపోతుంది. ఈ పొడవులకు 20 డోలనాలు సుమారు 25 నుంచి 44 సెకన్ల దాకా పడతాయి. పదిహేను కొలతలకు గడియారం నడిచే సమయమే దాదాపు 9 నిమిషాలు. దారం సరిచేసి మళ్ళీ కట్టే సమయం కలిపినా ఒక పీరియడులో సరిపోతుంది. పట్టిక లేకుండా మొదలుపెట్టినవాళ్ళు మొదటి పొడవుకి ఆరుసార్లు కొలిచి, చివరి రెండు పొడవులకు ఒక్కోసారి కొలిచి, బెల్లు మోగేసరికి గాభరా పడతారు.

ఇంకో ప్రశ్న ఉంది. పట్టిక తలలో "పొడవు" అని రాస్తే సరిపోతుందా? దారం పొడవా, వేలాడదీసిన చోటు నుంచి గుండు కేంద్రం దాకానా? గుండు వ్యాసార్ధం 1 సెంటీమీటరు అనుకుంటే, దారం మాత్రమే కొలిచినవాళ్ళకు 40 సెంటీమీటర్ల దగ్గర 2.5 శాతం తేడా వస్తుంది, 120 దగ్గర 1 శాతం కన్నా తక్కువ. ఇలా ఒక్కో పొడవు దగ్గర ఒక్కోలా ఉండే దోషాన్ని సగటు తీసి పోగొట్టలేం. ఆవర్తన కాలం వర్గాన్ని నిలువుగా, పొడవుని అడ్డంగా తీసుకుని గీసిన గ్రాఫులో సరళరేఖ మూలబిందువు గుండా పోకుండా కాస్త పైనుంచి వెళ్తుంది. శీర్షికలో "గుండు కేంద్రం వరకు పొడవు" అని ముందే రాసి ఉంటే స్కేలు పట్టుకున్న ప్రతిసారీ ఆ మాట కంటికి తగులుతుంది. తర్వాత రాసుకున్న శీర్షిక వల్ల ఆ ఉపయోగం లేదు, కొలిచేటప్పుడు అది అక్కడ లేదు కాబట్టి.

సగటు దాచేసేవి

రీడింగులు చిత్తులో ఉంచి సగటు మాత్రమే రికార్డులోకి ఎక్కించే అలవాటు నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధిస్తుంది. అందులో పోయేదేమిటో అంకెల్లోనే చూడొచ్చు.

100 సెంటీమీటర్ల లోలకానికి 20 డోలనాలు దాదాపు 40.1 సెకన్లు. ఒక బృందానికి 40.0, 40.2, 38.1 వచ్చాయనుకుందాం. మూడూ పక్కపక్కన ఉంటే మూడోది వెంటనే కళ్ళలో పడుతుంది. తేడా ఎంత? సరిగ్గా 2 సెకన్లు, అంటే ఒక పూర్తి డోలనం. గుండు వదిలిన క్షణంలో "సున్నా" అనాల్సింది "ఒకటి" అని మొదలుపెట్టారు, 19 డోలనాలకే గడియారం ఆపేశారు. కారణం దొరికింది, నిమిషంలో మళ్ళీ కొలవొచ్చు. అదే సగటు మాత్రమే రాస్తే 39.4 అని ఉంటుంది. చూడ్డానికి ఏ లోపమూ లేని అంకె. దాన్నుంచి వచ్చే ఆవర్తన కాలం వర్గం 4.02కి బదులు 3.88. గ్రాఫులో ఒక బిందువు రేఖకి కిందికి జారుతుంది, "ప్రయోగ దోషం" అని రాసి వదిలేస్తారు. దోషం పేరేమిటో, ఎక్కడ జరిగిందో పట్టికలో ఉండాల్సిన సమాచారం చిత్తుకాగితంతో పాటు చెత్తబుట్టలోకి పోయింది.

టైట్రేషన్‌లోనూ (ఒక ద్రావణంలో మరోదాన్ని రంగు మారేదాకా కలిపి, ఎంత పట్టిందో కొలిచే ప్రయోగం) ఇదే జరుగుతుంది. కొలత గీతలున్న గాజు గొట్టం, అంటే బ్యూరెట్ మొదటి రీడింగు, చివరి రీడింగు, వాడిన ఘనపరిమాణం అని మూడు గడులు ఉండాలి. చాలామంది తీసివేత మనసులోనే చేసి మూడోది మాత్రమే రాస్తారు. బ్యూరెట్ మీద అంకెలు పైనుంచి కిందికి పెరుగుతాయి కాబట్టి తలకిందులుగా చదవడం అందరూ చేసే పొరపాటు. ద్రవం మట్టం 26.20 దగ్గర ఉంటే, 27 నుంచి పైకి ఎనిమిది గీతలు లెక్కపెట్టి 27.80 అని రాస్తారు. మొదటి రీడింగు 1.50 అనుకుంటే ఘనపరిమాణం 26.30 మిల్లీలీటర్లు వచ్చింది. మిగతా రెండుసార్లు 24.70, 24.65 వచ్చాయి. ఒంటరిగా 26.30 అనే అంకెను ఎంతసేపు చూసినా కారణం తెలియదు. పక్కన 27.80 కనిపిస్తుంటే "దీన్ని 26.20గా చదవాలేమో" అన్న అనుమానం వస్తుంది, అప్పుడు ఘనపరిమాణం 24.70కి వచ్చి మిగతావాటితో కలుస్తుంది. అయినా ఆ అనుమానం చాలదు, మళ్ళీ టైట్రేట్ చేసి చూడాల్సిందే. కానీ ఏం సరిచూసుకోవాలో తెలిసింది.

రంగు మారే చోటు సుమారుగా తెలుసుకోవడానికి చేసే మొదటి రఫ్ టైట్రేషన్‌కి కూడా ఒక గడి ఇవ్వాలి, "రఫ్" అని పేరు పెట్టాలి. సగటులో దాన్ని కలపకూడదు. ఒకదానికొకటి 0.10 మిల్లీలీటరులోపు ఉన్నవాటికే సగటు. ఏవి కలిపారో టిక్కు పెట్టి చూపిస్తే దిద్దేవాళ్ళకు అడగాల్సిన పని ఉండదు.

ప్రమాణాలు తలలోనే

ఈ విషయం అందరికీ తెలిసిందే, అయినా తప్పులు ఇక్కడే ఎక్కువ. ప్రమాణం (సెంటీమీటరు, సెకను లాంటి యూనిట్) శీర్షికలో ఉండాలి, గడిలో అంకె మాత్రమే ఉండాలి. భౌతిక రాశి అంటే అంకెను ప్రమాణంతో గుణించినది. రాశిని ప్రమాణంతో భాగిస్తే మిగిలేది శుద్ధమైన అంకె. అందుకే "పొడవు / సెం.మీ." అని గీత పెట్టి రాసే పద్ధతి అంతర్జాతీయ ప్రమాణాల వ్యవస్థలో ఉంది. కుండలీకరణాల్లో రాసినా నష్టం లేదు, ఒక పట్టికలో రెండు పద్ధతులూ కలపకుండా ఉంటే చాలు.

గడుల్లో ప్రమాణాలు రాస్తే ఏమవుతుంది? మధ్యలో ప్రమాణం మారినా ఎవరూ గమనించరు. అమ్మీటరు మిల్లీఆంపియర్ల స్కేలు మీద 480 చూపించింది. తర్వాతి రీడింగుకి ఆ స్కేలు చాలక ఆంపియర్ల స్కేలుకి మారారు, అది 0.52 చూపించింది. 10 ఓముల నిరోధకానికి ఇవి రెండూ సరైన రీడింగులే. నిరోధం లెక్కగట్టే వరుసలో మాత్రం ఒకచోట 0.01, కింద 10 వస్తాయి. తలలో "విద్యుత్ ప్రవాహం / ఆం." అని ఉంటే 480ని 0.48గా రాయాలని ఆ క్షణంలోనే గుర్తొస్తుంది.

కాలం విషయంలో ఇంకా సూక్ష్మమైన చిక్కు ఉంది. కరిగిన నాఫ్తలీన్‌ను చల్లారుస్తూ అర నిమిషానికోసారి ఉష్ణోగ్రత రాసే ప్రయోగంలో, కాలం వరుస తరచూ 0.30, 1.00, 1.30, 2.00 అని సాగుతుంది. రాసినవాళ్ళ ఉద్దేశం ఒక నిమిషం ముప్ఫై సెకన్లు. గ్రాఫు కాగితం మాత్రం దాన్ని 1.3 నిమిషాలుగానే తీసుకుంటుంది. సమాన వ్యవధులు 0.3, 0.7 అని ఒకటి విడిచి ఒకటి చిన్నవీ పెద్దవీ అవుతాయి, నునుపుగా దిగాల్సిన వక్రం మెట్లుమెట్లుగా దిగుతుంది. 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర నాఫ్తలీన్ గడ్డకట్టేటప్పుడు ఉష్ణోగ్రత కాసేపు నిలకడగా ఉండటమే ఆ ప్రయోగంలో చూడాల్సిన విశేషం. దొంగ మెట్లు ముందే ఉంటే అసలు సమతలం ఏదో పోల్చుకోలేం. కాలాన్ని సెకన్లలోనే పెట్టి, 0, 30, 60, 90 అని ముందే నింపి ఉంచితే ఈ బాధ లేదు. సున్నా దగ్గరి రీడింగు మరిచిపోవడమూ ఉండదు.

దశాంశాల గురించి రెండు మాటలు. మిల్లీమీటరు స్కేలుతో కొలిచి "12" అని రాస్తే కొలిచిన సూక్ష్మత పోయింది, "12.0" అని రాయాలి. ఒక వరుసలోని కొలతలన్నింటికీ దశాంశ స్థానాలు సమానంగా ఉండాలి. డిగ్రీకో గీత ఉన్న థర్మామీటరును అర డిగ్రీ వరకు చదవొచ్చు కాబట్టి 62.5, 62.0 అని రాయొచ్చు, 62.3 అని రాయకూడదు. స్టాప్‌వాచ్ 40.17 అని చూపిస్తే? చేతి తడబాటే 0.2 సెకను ఉన్నప్పుడు ఆ 7కి అర్థం లేదు, 40.2 అనే రాయాలి అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. పరికరం చూపించింది చూపించినట్టు రాయడమే కొలతల వరుస పని. ఎన్ని అంకెల్ని నమ్మాలన్న నిర్ణయం సగటు వరుసలో చేయాలి, అక్కడ 40.1 అని ఆగిపోవాలి. క్యాలిక్యులేటరు ఇచ్చిన 40.0933 మొత్తం ఎక్కించకూడదు.

కొట్టివేత తప్పు కాదు

అనుమానం వచ్చిన రీడింగును రబ్బరుతో చెరపడం, తెల్లరంగు పూయడం పూర్తిగా మానేయాలి. ఒకే ఒక గీత అడ్డంగా కొట్టాలి, కింద అంకె చదవడానికి వీలుగా ఉండాలి. కుడి చివర "గమనిక" అనే వరుస వెడల్పుగా వదిలి, అందులో కారణం రాయాలి: "19 డోలనాలే లెక్కించాం", "దారం జారింది". కారణం తెలియకపోతే రీడింగు కొట్టేయకూడదు. ఇంకో రెండుసార్లు కొలిచి పక్కన రాయాలి. మిగతావాటితో కలవలేదన్నది తీసేయడానికి తగిన కారణం కాదు.

దీనికి చరిత్రలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ 1662లో శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్ అచ్చువేయించిన పట్టిక. వంపు తిరిగిన గాజు గొట్టంలో పాదరసం పోస్తూ, మూసి ఉన్న పొట్టి భుజంలో గాలి ఎంత కుదించుకుపోతుందో కొలిచాడు. పట్టికలో అయిదు నిలువు వరుసలు: గాలి ఆక్రమించిన భాగాలు, పొడవాటి భుజంలో పాదరసం ఎత్తు, వాతావరణ పీడనానికి సరితూగే పాదరసం ఎత్తు, ఆ రెండు ఎత్తుల మొత్తం, చివరగా, గాలి సగానికి కుదిస్తే పీడనం రెట్టింపవుతుందన్న తన ఊహ ప్రకారం పీడనం ఎంత ఉండాలో ఆ విలువ. గాలి 48 భాగాలుగా ఉన్నప్పుడు పీడనం 29 2/16 అంగుళాలు. 24 భాగాలకు కుదించినప్పుడు కొలిచింది 58 13/16, ఊహ ప్రకారం ఉండాల్సింది 58 2/8. 12 భాగాల దగ్గర కొలిచింది 117 9/16, ఉండాల్సింది 116 4/8. తేడా అంగుళం పైనే.

ఆ తేడాను ఆయన దాచలేదు, సర్దలేదు. కొలిచింది ఒక వరుసలో, లెక్కగట్టింది మరో వరుసలో, ఉండాల్సింది ఇంకో వరుసలో పెట్టి పాఠకుడి ముందుంచాడు. మూడున్నర శతాబ్దాల తర్వాత కూడా ఆ అంకెలతో ఎవరైనా గుణకారం చేసి చూసుకోవచ్చు. మన బడి పట్టికల్లో "ఉండాల్సిన విలువ" అనే వరుస ఎక్కడా కనిపించదు. దాంతో ఆ విలువ విద్యార్థి మనసులో ఉండి, కొలిచిన అంకెను తనవైపు లాగుతుంది. దానికి విడిగా ఒక గడి ఇచ్చేస్తే కొలిచిన అంకెను కదిలించాల్సిన అవసరం ఉండదు. అయితే ఆ గడిని కొలతలన్నీ అయ్యాకే నింపాలి.

ఖాళీ, సున్నా, అడ్డగీత

ఈ మూడింటికీ మూడు అర్థాలు. సున్నా అంటే కొలిచాం, సున్నా వచ్చింది. అడ్డగీత అంటే కొలవలేకపోయాం. ఖాళీ అంటే ఇంకా కొలవాలి. 150వ సెకను దగ్గర థర్మామీటరు చూడటం తప్పిపోతే అక్కడ అడ్డగీత పెట్టి 180కి వెళ్ళాలి. పైదానికీ కిందిదానికీ మధ్య విలువ ఊహించి నింపడం కల్పనే అవుతుంది. కంప్యూటరులో స్ప్రెడ్‌షీట్ వాడేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. సగటు తీసే సూత్రం ఖాళీ గడిని వదిలేస్తుంది, సున్నాను మాత్రం లెక్కలోకి తీసుకుంటుంది. 40.0, 40.2 పక్కన మూడో గడిలో సున్నా పెడితే సగటు 26.7 వచ్చి కూర్చుంటుంది.

అంకెలు లేని పట్టికల్లో దీనికి సాటి వచ్చే పొరపాటు "ఏమీ జరగలేదు" అన్న మాట. పిండిపదార్థం ఉందో లేదో చూసే అయోడిన్ పరీక్షలో మార్పు రాకపోతే "పసుపు గోధుమ రంగు మారలేదు" అని రాయాలి, అది పరిశీలన. "పిండిపదార్థం ఉంది" అన్నది నిర్ధారణ, దాని వరుస వేరు. మార్పు వస్తే పరిశీలన వరుసలో "నీలి నలుపు రంగుకి మారింది" అనే ఉండాలి. అలాగే "హైడ్రోజన్ వెలువడింది" అని కాకుండా "బుడగలు వచ్చాయి, మండుతున్న పుల్ల పెడితే టప్‌మని శబ్దం వచ్చింది" అని రాయాలి. పరీక్షకు ముందు రంగు, తర్వాత రంగు అని రెండు వరుసలు ముందే గీసి ఉంటే ఈ క్రమశిక్షణ దానంతటదే వస్తుంది.

ఎదురు వాదనలు

నా మాటకు బలమైన అభ్యంతరం ఒకటుంది. ఏ విలువల దగ్గర కొలవాలో కొలిచి చూస్తేగానీ తెలియదు కదా, ముందే పట్టిక ఎలా గీస్తాం? నిజమే. 10 సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న కుంభాకార కటకంతో వస్తు దూరాలు 20, 30, 40, 50 అని సమానంగా పెట్టుకుంటే ప్రతిబింబ దూరాలు 20, 15, 13.3, 12.5 వస్తాయి. అన్నీ ఒకచోట గుంపు. అసలు మార్పంతా 10కీ 20కీ మధ్య ఉంది: 15 దగ్గర 30, 12 దగ్గర 60. ఇది ముందే తెలియాలని పిల్లల్ని అడగలేం. అందుకే కింద మూడు నాలుగు అడ్డు వరుసలు ఖాళీగా వదలాలంటాను. నాలుగు రీడింగులు నిండగానే ఆగి పట్టికను చూస్తే ఎక్కడ అంకెలు నత్తనడక నడుస్తున్నాయో, ఎక్కడ గంతు వేయబోతున్నాయో కనిపిస్తుంది. మిగిలిన వరుసల్ని అక్కడ ఖర్చుపెట్టాలి. చిత్తుకాగితం మీద చెల్లాచెదురుగా ఉన్న అంకెల్లో ఇది కనిపించదు.

దానివల్ల వరుసక్రమం చెడుతుంది, 50 తర్వాత 12 వస్తుంది, నిజమే. చెడనివ్వాలి. కొలిచిన క్రమంలోనే ఉంచి, ఎడమ పక్కన వరుస సంఖ్య వేయాలి. తీగ వేడెక్కుతున్నా, బ్యాటరీ నీరసపడుతున్నా ఆ జాడ కొలిచిన క్రమంలోనే దొరుకుతుంది. గ్రాఫు కోసం ఆరోహణ క్రమంలో మరో పట్టిక రాసుకోవచ్చు, అసలుది పక్కనే ఉన్నంతవరకు.

అచ్చువేసిన పట్టికలిచ్చి గడులు మాత్రం నింపమనడం గురించి నాకు రెండు మనసులున్నాయి. పదకొండేళ్ళ పిల్లలకు గీతలు గీయడంలోనే సగం పీరియడు పోతుంది, అచ్చు పట్టిక వాళ్ళకు నిజంగా సాయమే. పదిహేనేళ్ళ వాళ్ళకు అదే పట్టిక ఇస్తే, ప్రయోగంలో ఆలోచించాల్సిన భాగం వేరేవాళ్ళు చేసిపెట్టినట్టు. మధ్యలో మెల్లగా తగ్గించుకుంటూ రావచ్చు: మొదట గీతలూ శీర్షికలూ రెండూ ఇచ్చి, తర్వాత గీతలు మాత్రమే, ఆ తర్వాత తెల్లకాగితం.

ఇక శుభ్రత. కొట్టివేతలున్న పట్టికకు మార్కులు తగ్గిస్తారన్న భయం ఉన్నంతకాలం ఎవరూ అసలు కాగితాన్ని రికార్డులో పెట్టరు. ఆ భయం పిల్లలు తెచ్చుకున్నది కాదు, మనం నేర్పింది. శుభ్రప్రతి కావాలంటే రాయించండి, కానీ అసలు పట్టికను దాని వెనక అంటించమనండి, మార్కులు అసలుదానికి వేయండి.

నా ప్రతిపాదన చిన్నది. పరికరాలు ఇచ్చే ముందు అయిదు నిమిషాలు ఖాళీ పట్టికల మీద పెట్టాలి. ఉపాధ్యాయులు తిరుగుతూ మూడే చూడాలి: మార్చే రాశి ఎడమ పక్కన ఉందా, ప్రతి శీర్షికకూ ప్రమాణం ఉందా, విడివిడి కొలతలకు చోటుందా. ఉంటే మూల సంతకం పెట్టి పరికరాలు ఇవ్వాలి. దిద్దేటప్పుడు, కారణం రాసి ఒక్క గీతతో కొట్టేసిన రీడింగుకు మార్కు తగ్గించకూడదు. చేత్తో నొక్కిన స్టాప్‌వాచ్ మీద 40.12, 40.12, 40.12 అని మూడుసార్లూ వచ్చినట్టు రాసి ఉంటే మాత్రం మార్కులు వేసే ముందు ఆ బృందాన్ని పిలిచి నాలుగోసారి కొలిచి చూపించమనాలి.